అద్దె యింటి యజమాని



అపొస్తలుల కార్యముల గ్రంథములోని కడపటి అధ్యాయము మీలో అనేకులు చదివియుందురు. పౌలు ఖైదీగా రోమాపురమునకు వచ్చెను. అతనికి కావలిగా ఒక సైనికుడుండెను. అయినను అతడు చెరసాలలో గాక, అద్దెకు తీసికొనిన యింటిలో రెండేండ్ల పాటు నివసించెననియు, తన్ను చూడవచ్చినవారితో అక్కడనే మాటలాడెననియు లూకా తెలుపుచున్నాడు. అక్కడ వాడబడిన గ్రీకు పదము బాడుగకు సంబంధించినది. "తన సొంత ఖర్చుతో" అని కూడ కొందరు దానికి అర్థము చెప్పుదురు. వేదాంత కళాశాలలో చదువునపుడు ఆ పదమును గూర్చి పరీక్షలో వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిని. తరువాత ఇరువది యేండ్లు ఆ భాగము మీద ప్రసంగించితిని. అయితే ఒక చిన్న ప్రశ్న నాకు ఎన్నడును తోచలేదు. ఆ యింటి యజమాని ఎవరు?

ఎవరో ఒకరు ఆ ఇల్లు ఇచ్చియుండవలెను గదా! కాళ్లకో చేతులకో సంకెల, ప్రక్కన సైనికుడు, రాజద్రోహమను నింద, దినదినము వచ్చిపోవు జనము. అటువంటివానికి ఇల్లు ఇచ్చుటకు ఇరుగుపొరుగువారు ఒప్పుకొనిరా? ఆ యజమాని విశ్వాసియో కాదో, వాని పేరేమో లేఖనము చెప్పలేదు. గాని వాడు తలుపు తీయకుండినయెడల ఆ రెండు సంవత్సరముల సువార్తకు చూరు ఎక్కడిది?

ఈ ప్రశ్న నాకు తోచుటకు ముందు దేవుడు నన్ను రెండు వైపుల నిలువబెట్టెను. మొదట అద్దె యిల్లు వెదకువానిగాను, తరువాత అద్దెకు ఇచ్చువానిగాను. ఆ సంగతి మీకు వ్రాయుచున్నాను. ఇందులో నాకు గొప్ప చేకూర్చునది కొంచెమే, సిగ్గు కలిగించునది ఎక్కువ.

1997వ సంవత్సరములో నన్ను పలనాటి వైపు ఒక పట్టణమునకు సహాయ పాస్టరుగా పంపిరి. సంఘమునకు గురుగృహము లేదు. క్రొత్తగా పెండ్లియైన నా భార్యను తెలిసినవారి యింట నుంచి, ఇల్లు వెదకుటకు బయలుదేరితిని. ఒక యింటి ముందు అద్దెకిచ్చెదమను పలక కనబడెను. ఆ యింటి అమ్మ గదులు చూపించెను, బావి చూపించెను, మంచినీళ్లు కూడ ఇచ్చెను. చివరకు అడిగెను:

"ఇంతకీ మీరేమిట్లండీ?"

"క్రైస్తవులమండీ. పాస్టరుని."

"అది సరేనండీ. అంతకు ముందు?"

ఆ "అంతకు ముందు" అను మాట విని నేను ఊరకుంటిని. నా ఊరకుండుటయే ఆమెకు జవాబాయెను. "మా మరిది వాళ్లకి ఇస్తామని మాట అనుకున్నాం, మరచేపోయాను" అనెను. ఆ వారములో ఏడు ఇండ్లకు తిరిగితిని. ఏడు ఇండ్లలోను మరుదులో అల్లుండ్రో ఆ యింటికి రానే వచ్చిరి.

ఎనిమిదవది ఒక వృద్ధుడైన దర్జీ సాయిబు గారి పెంకుటిల్లు. ఆయన మిషను ముందు కూర్చుండి, కళ్లద్దముల పైనుండి నన్ను చూచి ఇట్లనెను: "వానకి లోపలి గదిలో ఒక మూల కారుద్ది బాబూ. ముందే చెప్పాలిగా. పర్వాలేదా?" అంతకుమించి ఏమియు అడుగలేదు. ఎన్నాళ్లకు కాగితము వ్రాసికొందమని నేనే అడిగితిని. "ఉన్నన్నాళ్లు ఉండండి. కాగితమెందుకూ?" అనెను.

ఆ రాత్రి నేను, నా భార్య ఎంత హాయిగా నిద్రించితిమో! ఇంకను మంచమైనను లేదు. అయినను "ఉన్నన్నాళ్లు ఉండండి" అను మాటను క్రింద పరచుకొని పండుకొన్నట్లుండెను. ఆ యింటిలో నాలుగేండ్లుంటిమి. మా పెద్ద బిడ్డ అక్కడనే పుట్టినది.

ఇక రెండవ వైపునకు వచ్చెదను. మా నాన్నగారు మిషను ఎలిమెంటరీ పాఠశాలలో ఉపాధ్యాయుడు. పదవీ విరమణ చేసిన డబ్బుతో జిల్లాలో మరియొక పట్టణమున ఆరు సెంట్ల స్థలములో డాబా కట్టించెను. క్రింద హాలు, మూడు గదులు, వంటిల్లు. మేడమీద రెండు గదులు, ఒక పెద్ద హాలు. ఆ హాలులో ఆయన సాయంకాలములయందు పేటలోని పిల్లలకు ఊరకనే లెక్కలు చెప్పుచుండెను. 2011లో ఆయన ప్రభువునందు నిద్రించెను. మన క్రైస్తవులకు వర్తించు వారసత్వ చట్టము ప్రకారము కుమారునికిని కుమార్తెకును భాగము సమానము గనుక, ఆ ఇల్లు నాకును, హైదరాబాదులో నున్న నా చెల్లెలికిని చెరిసగమైనది. నేను గురుగృహములో ఉందును గనుక దానిని అద్దెకు ఇచ్చితిమి.

మన ప్రాంతములో ఇల్లు అద్దెకు ఇచ్చువారు పదకొండు నెలల కాగితము వ్రాసికొందురు. ఎందుకో మీకు తెలియునా? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారమును, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారమును ఒక సంవత్సరమునకు మించిన లీజు అయినయెడల రిజిస్టరు చేయించవలెను. దానికి స్టాంపు ఖర్చు, ఫీజు, ఆఫీసు చుట్టు తిరుగుట. పదకొండు నెలలకయితే ఆ బాధ ఉండదని అనుకొందురు.  అయితే ఆ కాగితములో మరియొక సదుపాయము కూడ ఉన్నది. ప్రతి పదకొండు నెలలకు ఒకసారి యజమాని చేతిలో కత్తెర ఉండును.

ఆ కత్తెరను నేను వాడితిని.

మేడమీది రెండు గదులలో ఒక విధవరాలు తన కుమార్తెతోను కుమారునితోను ఉండెను. ఒక ఆసుపత్రిలో ఆయాగా పని చేసి, నెలకు 2,500 రూపాయలు తప్పక ఇచ్చుచుండెను. 2016 చివరలో క్రింది భాగము ఖాళీ అయినది. ఒక ఎరువుల వ్యాపారి వచ్చి, క్రింద గిడ్డంగి, పైన ఆఫీసు పెట్టుకొందుననియు, మొత్తము ఇల్లు ఇచ్చినయెడల 14,000 ఇచ్చెదననియు చెప్పెను. అది మాకు వచ్చుచున్నదానికి దాదాపు రెట్టింపు. ఆ తల్లి కాగితము 2017 జనవరితో ముగియుచుండెను. నేను పోయి ఖాళీ చేయుమంటిని.

ఆమె నాతో వాదింపలేదు. "అయ్యగారూ, పిల్ల టెన్తు. మార్చిలో పరీక్షలు. అయ్యేదాకా ఉండనివ్వండి. కావాలంటే అద్దె ఇంకో అయిదువందలు వేసిస్తాను" అనెను.

"మాట ఇచ్చేశానమ్మా" అంటిని. ఎవరికి ఇచ్చిన మాట? డబ్బు ఎక్కువ ఇచ్చువానికి ఇచ్చిన మాట.

ఆ మాఘమాసపు చలిలో ఆమె సామాను రిక్షాలో వేసికొని ఆరు కిలోమీటర్ల దూరములోనున్న తన అన్నగారి ఊరికి పోయెను. ఆ పిల్ల అక్కడినుండి నడచి బడికి వచ్చెనని విన్నాను. లెక్కలలో తప్పినది. మరల పరీక్షకు కట్టలేదు. మా నాన్నగారు ఊరకనే లెక్కలు చెప్పిన హాలుకు ఆనుకొనిన గదిలోనుండి నేను వెళ్లగొట్టిన పిల్ల లెక్కలలోనే తప్పెను. ఆ అధికపు అద్దెలోనుండి నేను మందిరపు పైకప్పు నిధికి కానుక ఇచ్చితిని. ఆదివారమున సంఘములో నా పేరు చదివిరి. నేను తల వంచుకొని వినయముగా కూర్చుంటిని. ప్రియులారా, ఆ దినపు నా వినయమును తలంచుకొన్నప్పుడెల్ల నాకు ఇప్పటికిని సిగ్గు.

2019 వేసవిలో ఆ వ్యాపారి సొంత గిడ్డంగి కట్టుకొని ఖాళీ చేసెను. వెంటనే ఒక అప్పుల కంపెనీవారు వచ్చి 16,000 ఇచ్చెదమనిరి. అదే వారములో ఒక వార్డెనమ్మ నన్ను చూడ వచ్చెను. పేద బాలికలకు ప్రభుత్వము నడుపు వసతి గృహము ఆమె ఆధీనములో నుండెను. సొంత భవనము లేదు. అద్దె భవనపు యజమాని ఖాళీ చేయుమనెను. ముప్పది ఆరుగురు బాలికలు. బడులు తెరుచుటకు నాలుగు వారములే ఉన్నది.

"ఎన్ని ఇళ్లు చూశారమ్మా?" అని అడిగితిని.

"పదకొండు చూశానండీ. ఇల్లు చూపిస్తారు. ఆ తరవాత పిల్లలు ఎవరు అని అడుగుతారు" అనెను.

ఆమె షరతులు ఇవి. ఇంజనీరు వచ్చి ఇల్లు కొలిచి న్యాయమైన అద్దె నిర్ణయించును. అది బజారు అద్దెకంటె తక్కువ ఉండును. డబ్బు ట్రెజరీ ద్వారా వచ్చును. నెలనెలా ఒకటవ తారీకున వచ్చునని చెప్పలేము. మరుగుదొడ్లు, స్నానపు గదులు ఇంకను కట్టించవలెను. మరియు పదకొండు నెలల కాగితము వద్దు, పది సంవత్సరముల లీజు రిజిస్టరు చేయవలెను. "ఏటేటా ఇల్లు మారితే పిల్లలు బడి మారాలండీ. మారినప్పుడల్లా నలుగురైదుగురు ఇంటికి పోయి మళ్లీ రారు. పెళ్లి చేసేస్తారు" అనెను.

నేనేమంటినో చెప్పవలెను. "గోడలకు చెమ్మ ఉందమ్మా, పిల్లలకు మంచిది కాదు" అంటిని. గోడలకు చెమ్మ లేదు. దర్జీ సాయిబు గారు ఉన్న లోపమును ముందుగా చెప్పి ఇల్లు ఇచ్చెను. నేను లేని లోపము చెప్పి పంపివేసితిని.

ఎందుకనగా అప్పటికే చుట్టముల మాటలు నా చెవిలో ఉండెను. "గవర్నమెంటుకిచ్చిన కొంప మళ్లీ చేతికి రాదు బావగారూ" అని మా చెల్లెలి భర్త ఫోనులో చెప్పెను. ప్రక్క యింటి పెద్దమనిషి నన్ను వీధిలో ఆపి, "హాస్టలంటగా, ఆ పిల్లలంతా ఏ పిల్లలో తెలుసుగా మీకు?" అనెను. 1997లో నేను విన్న ప్రశ్నయే అది. ఈసారి ఆ ప్రశ్న నాకు వ్యతిరేకముగా కాక, నన్ను తమలో ఒకనిగా ఎంచి అడిగిరి. అందుకు నాలో ఎక్కడో ఒక మూల కొంచెము సంతోషము కూడ కలిగెను. దేవుడు నన్ను క్షమించునుగాక.

ఆ రాత్రి భోజనమునొద్ద నా భార్యతో ఈ సంగతి చెప్పితిని. ఆమె చాలసేపు ఏమియు అనలేదు. మజ్జిగ వడ్డించుచు, "ఏమండీ, ఆ ఆయమ్మ కూతురు టెన్తు ఏమయిందో మళ్లీ కనుక్కున్నారా?" అనెను. నేను జవాబు చెప్పలేదు. "మనకి సాయిబు గారు పదకొండు నెలలని చెప్పలేదు కదండీ" అని మరియొక మాట అనెను. అంతే. పళ్లెము తీసికొని లోపలికి పోయెను.

నేను మేలుకొని కూర్చుంటిని. విద్యార్థి దినములలో చదివిన ఒక సంగతి జ్ఞాపకము వచ్చెను. 1865లో ఇంగ్లండు దేశపు లండను నగరములో ఆక్టేవియా హిల్ అను క్రైస్తవ స్త్రీ బీదల ఇండ్లను గూర్చి భారము కలిగియుండెను. ఆమెకు సొమ్ము లేదు. జాన్ రస్కిన్ అను గ్రంథకర్తకు తండ్రి ఆస్తి వచ్చియుండెను. ఆయన మేరిల్బోన్ పేటలో మూడు ఇండ్ల లీజు సంపాదించి ఆమెకు అప్పగించెను. ఆ సందు పేరు పారడైజ్ ప్లేస్, అనగా పరదైసు. పేరు పరదైసేగాని అక్కడి బ్రదుకు దయనీయము. రస్కిను ఆమెతో ఇది భిక్షగా నడుపవద్దనియు, పెట్టుబడి మీద నూటికి అయిదు వంతున రాబడి చూపినయెడల ఇతరులును ముందుకు వత్తురనియు చెప్పెను. ఆమె వారము వారము తానే ఇంటింటికి పోయి అద్దె వసూలు చేసెను. బాకీ పడనిచ్చునది కాదు. ఆ విషయమున కఠినురాలు. అయితే చూరు కారిన బాగు చేయించెను, మురుగు పారించెను. మిగిలిన సొమ్ముతో ఏ మరమ్మతు కావలెనో కాపురమున్నవారినే అడిగెను. 1912లో ఆమె మరణించు నాటికి అట్టి యిండ్లు అనేకము ఆమె పర్యవేక్షణలోనికి వచ్చియుండెను.

ఈ సంగతిలో నన్ను పట్టుకొనిన మాట ఒకటే. బీదవానికి ఇల్లు ఇచ్చుటకు మనము ఇల్లు దానము చేయనక్కరలేదు. న్యాయమైన అద్దె తీసికొనవచ్చును. మనము విడువవలసినది అద్దెను కాదు, అత్యాశను. మరియు ఆ కత్తెరను. ధనవంతుడు ఇల్లు మారిన సామాను మారును. బీదవాడు ఇల్లు మారిన బిడ్డ చదువు, రేషను కార్డు చిరునామా, పని చోటు, అప్పిచ్చు కొట్టు, అన్నియు మారును. వానికి చూరుకంటె ఎక్కువగా కావలసినది రేపటి దినము. పదకొండు నెలల కాగితములో ఆ రేపు లేదు.

తెల్లవారగానే వార్డెనమ్మకు ఫోను చేసితిని. "గోడలకు చెమ్మ లేదమ్మా. నేను అబద్ధం చెప్పాను. వచ్చి చూసుకోండి" అంటిని. తరువాత నా చెల్లెలికి చేసితిని. ఆమె భాగము ఆమెది గదా. ఆమె సమ్మతి లేక నేను ఉదారుడనగుట ఆమె సొమ్ముతో దానము చేయుటయే. ఆమె భర్తతో మాటలాడి రెండు దినములకు ఇట్లనెను: "నాన్న హాలులో పిల్లలు చదువుకుంటారంటే సంతకం పెడతా అన్నయ్యా. కాని కాగితం మాత్రం జాగ్రత్తగా రాయించు."

ఆమె మాట సరియైనది. మీలో ఎవరైన ఇట్టి పని చేయదలచినయెడల, ప్రేమతో చేయుడి గాని కాగితము అజాగ్రత్తగా వ్రాయకుడి. మేము వకీలు చేత వ్రాయించిన సంగతులు ఇవి: లీజు ఎప్పటినుండి ఎప్పటివరకు, మూడేండ్లకొకసారి అద్దెను మరల లెక్కించుట, చిన్న మరమ్మతులు ఎవరివి, పెద్దవి ఎవరివి, ఇంటి పన్ను, కరెంటు, నీరు ఎవరు కట్టవలెను, మరియొకరికి అద్దెకు ఇచ్చుటకు వీలులేదు, ముందుగా విడువదలచిన ఎన్ని నెలల నోటీసు, తిరిగి అప్పగించునపుడు ఇల్లు ఎట్లుండవలెను. తలుపులు, కిటికీలు, ఫ్యానులు, కొళాయిలు లెక్కబెట్టి పట్టిక వ్రాసి ఇరుపక్షములవారును సంతకములు చేసితిమి. సంతకము చేసిన నాలుగు నెలల లోపల రిజిస్ట్రారు ఆఫీసులో దఖలు చేయవలెను. మేము ఆ వారమే చేసితిమి. నోటి మాట మీద పోయినయెడల తరువాత వచ్చు అధికారికి ఏమియు తెలియదు, మన పిల్లలకును తెలియదు. యిర్మీయా అనాతోతులో పొలము కొనినప్పుడు పత్రము వ్రాయించి, సాక్షుల చేత సంతకము చేయించి, దానిని మంటికుండలో భద్రపరచుమనెను గదా. ప్రవక్తయే కాగితము విషయమున అంత శ్రద్ధ వహించెను.

ఇంజనీరు కొలిచి 11,000 నిర్ణయించెను. ఆయన మేడ మీదికి ఎక్కి, "పిట్టగోడ చాలా తక్కువుందండీ. పిల్లలు బట్టలు ఆరేసుకుంటారు. ఇంకో రెండడుగులు లేపాలి" అనెను. ఖర్చు తలంచుకొని నాకు విసుగు పుట్టెను. ఇంటికి వచ్చి ద్వితీయోపదేశకాండము ఇరువదిరెండవ అధ్యాయము తెరచితిని. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టించవలెననియు, లేనియెడల ఎవడైన పడి చచ్చినపుడు ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చుననియు అక్కడ ఆజ్ఞ ఉన్నది. అది నేను ఎన్నిసార్లు చదివితినో! ఇంజనీరు చెప్పువరకు అది నా ఇంటిని గూర్చినదని నాకు తెలియదు. పిట్టగోడ లేపించితిని. సంఘపు పరపతి సొసైటీలో అప్పు తీసికొని ఆరు మరుగుదొడ్లు, నాలుగు స్నానపు గదులు కట్టించితిని. జులై నెలలో బాలికలు తమ పెట్టెలతో వచ్చిరి.

ఇక్కడితో కథ ముగించిన వినుటకు బాగుండును. గాని జరిగినది చెప్పవలెను.

2020 మార్చిలో కోవిడ్ వచ్చెను. వసతి గృహములు మూసిరి. బాలికలు ఊళ్లకు పోయిరి. ఎనిమిది నెలలు అద్దె రాలేదు. నా అప్పు వాయిదాలు మాత్రము ఆగలేదు. హైదరాబాదులో మా చెల్లెలి భర్తకు జీతము సగమాయెను. ఆయన ఫోను చేసి కోపపడలేదు. అదియే నాకు ఎక్కువ బాధ. "ఆ కంపెనీ వాళ్లకిచ్చి ఉంటే..." అని ఒక్కసారి అని ఊరకుండెను. చెల్లెలి భాగము కొంతయైన నా జీతములోనుండి పంపుచుంటిని. నా భార్య పాలు తగ్గించెను. సంబంధిత ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కితినో లెక్కలేదు. బడ్జెటు రాలేదనిరి, రేపు రమ్మనిరి. ప్రార్థనలో కూడ, "ప్రభువా, నీ మాట విని చేసితిని గదా" అని సణిగితిని.

ఒక దినము తాళము తీసి ఆ ఖాళీ ఇంటిలోనికి పోతిని. మేడమీది హాలు తలుపు వెనుక గోడ మీద బొగ్గుతో గీతలు కనబడెను. బాలికలు తమ ఎత్తు కొలిచికొని, గీత గీసి, పేరును తారీకును వ్రాసికొనిరి. సున్నము వేయించి ఏడాదియైనను కాలేదు. మొదట నాకు కోపము వచ్చెను. తరువాత దగ్గరకు పోయి చదివితిని. ఆరవ తరగతి పిల్ల ఒకతె తన గీతకు జానెడు పైన మరియొక గీత గీసి, ప్రక్కన "టెన్తు, 2024" అని వ్రాసికొన్నది.

నేను అక్కడనే నేలమీద కూర్చుంటిని. ఆ పిల్ల నాలుగేండ్ల తరువాత అదే గోడకు ఆనుకొని నిలుతునని అనుకొనినది. ఆ నమ్మకము ఆమెకు ఎక్కడనుండి వచ్చెను? రిజిస్ట్రారు ఆఫీసులో దఖలైన కాగితము ఆమె చూడలేదు. అయినను ఎవరో పెద్దలు "ఇక ఇల్లు మారక్కర్లేదు" అని చెప్పియుందురు. నేను లేచి, సున్నము వేయించు తలంపు మానుకొని, తాళము వేసి వచ్చితిని.

2021లో బాలికలు తిరిగి వచ్చిరి. బాకీ మూడు విడతలుగా వచ్చెను. ఆ తరువాత కూడ ఆలస్యములు కలవు. ఒకసారి నాలుగు నెలలు, ఒకసారి అయిదు. మా అప్పు 2023లో తీరినది. ఆ గీత గీసిన పిల్ల 2024లో టెన్తు పరీక్ష వ్రాసి ఉత్తీర్ణురాలైనది. గోడ మీద తాను అనుకొనినంత ఎత్తు ఎదుగలేదని వార్డెనమ్మ నవ్వుచు చెప్పెను.

ఆయాగా పని చేసిన ఆ తల్లిని గూర్చి కూడ మీరు అడుగుదురు. లీజు రిజిస్టరు అయిన వారములోనే ఆమె ఊరు పోయితిని. ఆమె కుమార్తె మిరపకాయల కొట్టులో తొడిమలు తీయు పనికి పోయియుండెను. నేను చేసినది తప్పని చెప్పి, క్షమించుమని అడిగితిని. ఆమె మంచము వాల్చి, కూర్చుండుమని, టీ పెట్టి ఇచ్చెను. "మీరొచ్చి అడిగారు అయ్యగారూ. అంత చాలు" అనెను. కొంతసేపటికి, గిన్నె కడుగుచు, నా వైపు చూడకుండ, "కాని దాని చదువు మళ్లీ రాదుగా" అనెను.

అది నిజము. ముప్పది ఆరుగురికి తలుపు తీసినంత మాత్రమున, ఒక్కరికి మూసిన తలుపు మూయనట్లు కాదు. క్షమాపణ దొరకును, సంవత్సరములు తిరిగి రావు. దీనిని నేను సమాధికి పోవువరకు మోయుదును. యౌవనులైన యజమానులకు నేను చెప్పగలిగినది ఇదే: కత్తెర వాడక ముందే ఆలోచించుడి.

ఇప్పుడు మన సంఘముల సంగతి. పల్లెలలో నున్న మనకు ఇండ్లు ఎక్కడివని అనుకొనకుడి. మీలో కొందరికి పట్టణములో ఒక డాబా ఉన్నది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రము ఆవలనో ఉన్నారు. ఇంటికి తాళము వేసియున్నది. కొన్ని సంఘములకు పాత మిషను బంగళాలు, మూతపడిన బోర్డింగు గదులు ఉన్నవి. చెదలు తినుచున్నవి, లేదా రోడ్డువైపు భాగము కొట్లకు ఇచ్చుటకు కమిటీలో వాదములు జరుగుచున్నవి. మన తాతలలో ఎందరో ఆ బోర్డింగులలో నేల మీద పండుకొని అక్షరములు నేర్చుకొనిరి గదా! చదువుకొను పిల్లలకు, పనిచేయు ఒంటరి స్త్రీలకు, వృద్ధులకు వసతి నడుపువారు అద్దె భవనములకొరకు తిరుగుచున్నారు. అద్దె తక్కువ రావచ్చును, ఆలస్యముగా రావచ్చును. మీ కుటుంబము ఎంత ఓర్వగలదో ముందు లెక్క చూచుకొనుడి. గోపురము కట్టువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ప్రభువే సెలవిచ్చెను. భార్యాభర్తలు, తోబుట్టువులు కలిసి నిర్ణయించుడి. లెక్క కుదిరినయెడల, ఒక సంవత్సరమునకు కాక, ఒక బిడ్డ చదువు ముగియునన్ని సంవత్సరములకు ఇయ్యుడి.

లేవీయకాండము ఇరువది అయిదవ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు, భూమి తనదేననియు, వారు తన యొద్ద కాపురమున్న పరదేశులనియు జ్ఞాపకము చేయుచున్నాడు. యజమానులమని మనమనుకొనుచున్నాము గాని, ఆయన లెక్కలో మనమందరము అద్దె యింటివారమే. ఈ శరీరమను ఇంటిలో నన్ను ఏబది యేండ్లకు పైగా ఉండనిచ్చెను. నేను బాకీ పడిన నెలలు ఎన్నో! అయినను పదకొండు నెలలు కాగానే ఆయన వచ్చి సామాను వీధిలో పెట్టలేదు. అంతకంటె మంచి కాపురస్థుడు దొరికినను నన్ను పంపివేయలేదు. ఉన్నన్నాళ్లు ఉండుమని ఆ దర్జీ సాయిబు గారు నాతో అన్న మాట, ఆలోచించి చూచిన, నా దేవుడు నాతో ప్రతి ఉదయము అనుచున్న మాటయే.

రోమాపురములో ఆ యింటి యజమాని పేరు లేఖనములో లేదు. అతడెవరో పరలోకములో తెలిసికొందునని ఆశించుచున్నాను. అంతవరకు, పేరు లేని ఆ మనుష్యుని వెనుక మనమును వరుసలో నిలుతుము.

ప్రార్థన: ప్రభువా, తల వాల్చుకొనుటకు స్థలము లేక ఈ లోకములో తిరిగినవాడా, మా చేతిలోని తాళపుచెవులను చూడుము. మేము మూసిన తలుపులను మాకు జ్ఞాపకము చేయుము. మేము తీయవలసిన తలుపులను మాకు చూపుము. ఆలస్యములయందు మాకు ఓర్పునిమ్ము, ఒప్పందములయందు సత్యమునిమ్ము. ఇల్లు లేని బిడ్డకు రేపటి దినమును మా ద్వారా దయచేయుము. ఆమేన్.